తలుపు చప్పుడయ్యేదాకా

లేవకూడదు. ఈ పూట నాకున్న పని అదొక్కటే. నిద్ర పట్టకపోయినా ఫర్వాలేదు, కళ్ళు తెరుచుకునే ఉన్నా ఫర్వాలేదు, కానీ మంచం దిగకూడదు, దొర్లకూడదు. దొర్లితే మంచం కిర్రుమంటుంది, కిర్రుమంటే గోడ అవతల గదిలో మా అమ్మాయికి వినబడుతుంది, వినబడిందంటే అమ్మ లేచింది, ఇక అన్నీ అమ్మే చూసుకుంటుందిలే అనుకుని దుప్పటి మళ్ళీ తలమీదికి లాక్కుంటుంది. దగ్గు కూడా రాకూడదు. ఎప్పుడూ రాని దగ్గు సరిగ్గా ఇప్పుడే గొంతులో ఎక్కడో మూల కూర్చుని, రానా వద్దా అని అడుగుతోంది. కిటికీ పరదా సందులోంచి పడిన వెలుతురు ఎదురు గోడమీద సన్నటి రిబ్బను ముక్కలా ఉంది, ఇంకా బీరువాకి చాలా దూరంలో ఉంది. అది పాక్కుంటూ వచ్చి బీరువా పిడిని తాకే వేళకి వీధి మలుపులో అమ్మాయి పనిచేసే ల్యాబ్ వ్యాను ఆగుతుంది. ఆగితే ఒక్క నిమిషమే, ఎవరి కోసమూ ఎదురుచూడదు. ఆలోపల మా అమ్మాయి తనంతట తాను లేచి, తయారై, తలుపు వేసుకుని వెళ్ళాలి. ఆ తలుపు చప్పుడు వినబడేదాకా నేను ఈ మంచం మీద కట్టేసినట్టు ఉండాలి. అదీ మా ఒప్పందం.

అసలు నేను లేవకుండా పడుకోవడమేమిటి, చెబితే మా చెల్లెలు నమ్మదు. దాని పిల్లలు నన్ను అలారం పెద్దమ్మ అంటారు. సెలవులకి మా ఇంటికి రమ్మంటే, పెద్దమ్మా, ఆదివారాలు అలారం పని చేయదంటేనే వస్తాం అంటారు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో అలారం గడియారమన్నది కొనలేదు, అవసరమేముంది, నేనున్నాగా. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఎక్కడ లిఫ్టు ఇరుక్కున్నా వేళాపాళా లేకుండా పరుగెత్తాలి, ఎన్నింటికి లేపమంటే అన్నింటికి లేపేదాన్ని. అమ్మాయిని బడికి నేనే లేపాను, కాలేజీకి నేనే లేపాను, పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబ్‌లో ఉద్యోగమొచ్చాక కూడా నేనే లేపాను. ఒక పిలుపు, రెండో పిలుపు, ఫ్యాను ఆపడం, పరదా లాగడం, ఆఖరికి దుప్పటి లాగడం. నాకిదొక కుట్టుపని లాంటిది, ఎక్కడ సూది గుచ్చాలో, ఎక్కడ దారం లాగాలో చేతికే తెలుసు. పైవాళ్ళ పైపులో నీళ్ళు దిగుతున్నాయి. అంటే పై అంతస్తు టీచరు స్నానానికి వెళ్ళింది. నేను రోజూ ఈ చప్పుడుకి ముందే కుట్టుమిషను ముందు కూర్చునేదాన్ని, ఎవరిదో ఒకరి ప్యాంటు నడుము వదులు చేస్తూనో బిగిస్తూనో. ఈ వీధిలో ఎవరు లావెక్కారో ఎవరు చిక్కారో వాళ్ళ ఇంట్లోవాళ్ళ కన్నా ముందు నాకే తెలుస్తుంది. మా అమ్మాయి చిక్కుతోందని కూడా అలాగే తెలిసింది. ఒకే ప్యాంటు నడుము రెండుసార్లు బిగించాను. రెండోసారి బిగిస్తున్నప్పుడు చెయ్యి ఆగింది.

ఏం జరిగిందని అందరూ అడిగారు. ఏమీ జరగలేదు, అదే చిత్రం. ప్రేమా లేదు, దోమా లేదు, ఎవరూ ఏమీ అనలేదు. ముందు జడ వేసుకోవడం మానేసింది, తర్వాత స్నానం వాయిదా వేయడం మొదలైంది, తర్వాత ఫోను తీయడం, ల్యాబ్‌కి వెళ్ళడం మానేసింది, ఒకరోజు నేను దుప్పటి లాగితే దాని కింద కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నిద్రపోతున్న పిల్లని లేపగలను. మేలుకుని ఉన్న పిల్లని ఎలా లేపను. అంచు మడతలో ఒక్క కుట్టు తెగితే ఆ రోజు ఏమీ కనబడదు, నడుస్తూ నడుస్తూ ఉండగా మొత్తం అంచు జారిపోయి మడమ కింద పడుతుంది, అలా జారిపోయింది పిల్ల. మా చెల్లెలు ఫోనులో, గారాబం అక్కా, ఒక్కగానొక్కదని నెత్తిన పెట్టుకున్నారు, రెండు తగిలించు అదే లేస్తుంది అంది. నీ పిల్లలకి తగిలించు ముందు, సెలవుల్లో మధ్యాహ్నం దాకా దొర్లుతారు అన్నాను. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు అదే ఫోను చేసి, ఎవరో డాక్టరమ్మ ఉందట, మాటలతోనే బాగుచేస్తుందట, తీసుకెళ్ళు అని చిరునామా చెప్పింది. మనిషి నోరే అంత, మనసు దూదిపింజ.

ఎవరో మెట్లు దిగుతున్నారు. మా అంతస్తు కాదు. చెవులు ఎంత పెద్దవైపోయాయంటే, కింద వీధిలో చీపురు ఏ ఇంటి ముందు ఉందో కూడా చెప్పగలను. గోడ అవతల మాత్రం ఏమీ లేదు. మంచం చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. అది నిన్న సాయంత్రం తనే వెళ్ళి ఒక బుల్లి గడియారం కొనుక్కొచ్చింది, ఈ ఇంట్లోకి వచ్చిన మొట్టమొదటి అలారం, చూడగానే నాకు సవతిని చూసినట్టయింది. మోగించి చూపించింది. పిచ్చుకపిల్లని ఎవరో నొక్కుతున్నట్టు కీచుకీచుమంది. దీనికేం లేస్తావే అన్నాను. చూద్దువుగానిలే అంది. ఆ కీచుకీచు ఇంకా వినబడలేదు. టైముందిలే. రిబ్బను ముక్క ఇంకా బీరువా అంచు కూడా చేరలేదు. చేరిందా? తల ఎత్తకుండా చూడాలంటే మెడ పట్టేస్తోంది.

డాక్టరమ్మ గదిలో ముగ్గురమూ కూర్చున్నాం ఆ రోజు, ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇరుక్కున్న లిఫ్టులోని మనిషిలా. ఆవిడ చాలా చిన్న పిల్ల, నా కళ్ళకి, నవ్వితే చిగుళ్ళు కనబడతాయి. మా అమ్మాయి ఆవిడ పళ్ళనే చూస్తూ కూర్చుంది, దానికి అదొక జబ్బు, ఎవరు ఎదురుపడినా ముందు పళ్ళు చూస్తుంది, మా ఇంటి ఓనరు నవ్వు మా ల్యాబ్‌లోనే పుట్టిందమ్మా అని చెప్పి నన్ను ఆయన ముందు తలెత్తుకోకుండా చేసింది ఒకసారి. డాక్టరమ్మ మందుల చీటీ రాసింది, రాసి ఇచ్చాక అంది, "మందు దాని పని అది చేస్తుంది. మీరు రోజుకో చిన్న పని పెట్టుకోండి. ఎంత చిన్నదంటే, అది చేయలేకపోయామంటే మనకే నవ్వు రావాలి." మా అమ్మాయి నేలకేసి చూస్తూ అడిగింది, "దుప్పటి మడతపెట్టడం సరిపోతుందా?" "ఎక్కువేమో. ముందు ఒక కొస పట్టుకోండి చాలు." అప్పుడు ఆవిడ మా వైపు తిరిగి, మీరు కూడా తలా ఒకటి పెట్టుకోండి, ఒక్కరే మారాలంటే కష్టం అంది. మేమేం మారాలి, మాకేం రోగం అనుకున్నాను, పైకి మాత్రం సరేనండీ అన్నాను.

ఆయన ఎంచుకున్నది వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రోజూ ఎవరినో ఒకరిని ఒక మంచి మాట అంటానన్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా కూర బాగుందని ఆయన నోటితో అన్నది లేదు, ఇంకొంచెం వడ్డించుకుంటే బాగున్నట్టు, అదీ లెక్క. మొదటి రోజు రాత్రి భోజనం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆలోచించారు. కంచంలో చెయ్యి ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. అప్పుడు అమ్మాయితో అన్నారు, చాలా సీరియస్‌గా, "నీ చెవులు రెండూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉన్నాయమ్మా." లిఫ్టు గుమ్మానికి సమానంగా ఆగిందా లేదా అని చూసే మనిషి మరి. పిల్ల గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఉంది, ఫక్కుమంది, నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. ఎన్నాళ్ళకి నవ్విందో. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ గిన్నె ఒకటి మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టి వచ్చాను, కళ్ళు తుడుచుకోవాలి కదా ఎక్కడో. ఆయనకి ధైర్యమొచ్చింది. మర్నాడు నా వంతు. నీలో ఒక గొప్ప గుణముంది, ఎంత బరువెక్కించినా ఓవర్‌లోడ్ అని ఎర్రలైటు వేయవు అన్నారు. పొగడ్తో తిట్టో తెలియక, అయితే ఈ నీళ్ళ బిందె మీరు మోయండి అన్నాను.

నా అలవాటు దగ్గరే వచ్చింది చిక్కు. పొద్దున్నే నాలుగడుగులు నడుస్తాను అన్నాను. మా అమ్మాయి అడ్డంగా తల ఊపింది. పోనీ రోజూ ఒక అరటిపండు తింటానన్నాను. "అమ్మా, నీది నేను చెప్తాను. నా తలుపు కొట్టకు." అంతేనా అనుకున్నాను. తలుపు కొట్టలేదు, ఒట్టు. ఆ తలుపు ముందు నిలబడి దగ్గాను. స్టీలు గిన్నెలు ఒకదాని మీద ఒకటి కొంచెం గట్టిగా పెట్టాను. కుట్టుమిషను దాని గోడకి దగ్గరగా జరుపుకుని, ఉత్త మిషను, గుడ్డ లేకుండా, తొక్కాను. మధ్యాహ్నం అది బయటికొచ్చి అంది, "దగ్గు కూడా లేపడమేనమ్మా. గిన్నెలు కూడా. మిషను కూడా. నువ్వు లేస్తే చాలు నాకు గోడలోంచి తెలిసిపోతుంది, నా కోసం ఎవరో నిలబడి ఉన్నారని. అప్పుడు అసలు లేవలేను." కోపం లేదు ఆ మాటలో, అందుకే ఎక్కువ తగిలింది. అలా వచ్చింది ఈ మంచం దిగకూడని నియమం. అది గదిలోంచి బయటికొచ్చేదాకా నేను పడుకునే ఉండాలి. మొదటి వారం నాకు నరకం. ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. పక్కన ఈయన గురక పెడుతుంటే అసూయతో చచ్చేదాన్ని. కానీ ఒకరోజు పైకప్పు చూస్తూ పడుకుని ఉండగా, పైన ఎవరిదో పావురం కిటికీ రేకు మీద అటూ ఇటూ తిరగడం విన్నాను, గోళ్ళు టకటకమంటూ, హడావుడిగా, ఆఫీసుకి ఆలస్యమైనట్టు. ఎన్నేళ్ళుగా తిరుగుతోందో అక్కడ. నేను లేచే వేళకి అది కూడా లేచేదేమో, నా మిషను చప్పుడులో ఎప్పుడూ వినబడలేదు. తర్వాత తర్వాత ఆ పావురం కోసమే మెలకువ తెచ్చుకునేదాన్ని. అమ్మాయి బయటికి రావడం మధ్యాహ్నం నుంచి పదింటికి, పదింటి నుంచి తొమ్మిదింటికి జరిగింది, ఒక్కోరోజు మళ్ళీ వెనక్కి పోయింది, వెనక్కి పోయిన రోజు దుప్పటి ఒక కొస మాత్రం మడిచి ఉండేది. ఆ ఒక్క కొస చూసి నేనూ ఆయనా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం, పరీక్ష పాసైనట్టు.

బడి బస్సు హారను. దేవుడా, అప్పుడే బడి బస్సా. రిబ్బను ముక్క బీరువా అంచు ఎక్కేసింది, పిడికి జానెడు దూరంలో ఉంది. గడియారం మోగలేదు. మోగి ఉంటే నాకు వినబడకుండా ఉంటుందా, చీపురు చప్పుడు విన్న చెవులకి. పెట్టడం మరిచిపోయిందా? పొద్దుటికి బదులు సాయంత్రానికి పెట్టిందా, అలాంటివి చేస్తుంది, అచ్చం వాళ్ళ నాన్న. లేక మోగకముందే, మోగితే లేవాల్సి వస్తుందని, చెయ్యి చాపి ఆపేసి, కళ్ళు తెరుచుకుని, దుప్పటి కింద... వద్దు. అలా అనుకోకూడదు. ల్యాబ్ ఓనరు పెద్దాయన మంచివాడు కాబట్టి ఇన్నాళ్ళు ఆ కుర్చీ ఖాళీగా ఉంచాడు. పళ్ళకి రంగు కలపడంలో ఈ పిల్ల చెయ్యి వేరమ్మా, పక్క పంటి పక్కన పెడితే పోల్చుకోలేం అన్నాడు నాతో. కానీ పోయిన వారం ఫోను చేసి, ఈ సోమవారం వస్తే సరే, లేకపోతే ఇంకొకరిని కూర్చోబెట్టక తప్పదు, ఆర్డర్లు ఆగిపోతున్నాయి అని కూడా అన్నాడు. ఇవాళ సోమవారం. ఒక్క దగ్గు. ఒక్క చిన్న దగ్గు దగ్గితే ఏం పోయింది. మంచం దిగకూడదన్నారు గానీ, పొలమారడం ఎవరి చేతుల్లో ఉంటుంది. లేచి వెళ్ళి తలుపు తోసి, లేవే తల్లీ, ఈ ఒక్కరోజుకి నేను లేపుతాను, రేపటి నుంచి నీ ఇష్టం అంటే? వెళ్తుంది. నేను లేపితే వెళ్తుంది ఇవాళ. రేపు మళ్ళీ నేను లేపాలి. ఎల్లుండి కూడా. నేను పోయాక ఎవరు లేపుతారు. కాలు ఒకటి అప్పటికే నేలమీద ఉంది. చల్లగా తగిలింది నేల. ఎప్పుడు దించానో. పైకి లాక్కున్నాను. మంచం కిర్రుమంది.

"దొర్లకు," అన్నారు ఆయన. పూర్తిగా మేలుకున్న గొంతు. గురక ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించనేలేదు.

"మీరు నిద్రపోలేదా?"

"ఎప్పుడు లేచానో. నువ్వు పడుకున్నావు కదా అని కదల్లేదు. కాలు తిమ్మిరెక్కి చచ్చిపోయింది."

"నేనెక్కడ పడుకున్నాను. అలారం మోగలేదండీ."

"మోగలేదు."

"మీరు లేచి చూడొచ్చుగా. ఒట్టు నాకే గానీ మీకు లేదు."

ఆయన ఆలోచించారు. ఈయన ఆలోచించడం మొదలుపెడితే ఇరవై అంతస్తులు ఎక్కి దిగొచ్చు. చివరికి, చూస్తే చూశానని దానికి తెలుస్తుంది అన్నారు. తెలియకుండా చూడండి అన్నాను. లేచి, తిమ్మిరి కాలు ఈడ్చుకుంటూ, దొంగలా గోడ పట్టుకుని వెళ్ళారు. నేను రిబ్బను ముక్కనే చూస్తున్నాను. పిడి మీద పడింది. ఇత్తడి పిడి మెరిసింది, చిన్న మంట అంటించినట్టు. అయిపోయింది. వచ్చే ఏడాదో, ఆపై ఏడాదో ఇంకో ఉద్యోగం దొరక్కపోదు, ఇంట్లోనే గుండీలు కుట్టడం నేర్పిస్తాను, బతకలేమా ఏమిటి. అలా అనుకుంటూ ఉండగానే ఆయన గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో ఆ బుల్లి గడియారం.

"లేదు," అన్నారు.

"ఏది లేదు?"

"అమ్మాయి. మంచం మీద లేదు. దుప్పటి నాలుగు మడతలూ పెట్టి ఉంది. చెప్పులు లేవు. ఇది మోగకముందే ఆపేసి ఉంది. గ్లాసు కూడా కడిగి బోర్లించి పోయింది."

తలుపు చప్పుడు కాలేదు కదా అన్నాను, వెర్రిదానిలా. కాలేదు. ఎలా అవుతుంది. అమ్మ ఇన్నాళ్ళకి పడుకోవడం నేర్చుకుంది, నిద్ర చెడకూడదని, చెప్పులు చేత్తో పట్టుకుని, కొళాయి సన్నగా తిప్పుకుని, గడియ రెండు చేతులతో పట్టుకుని తలుపు మెల్లగా లాక్కుని వెళ్ళి ఉంటుంది. నేను దాని కోసం కదలకుండా, ఆయన నా కోసం కదలకుండా, అది మా ఇద్దరి కోసం చప్పుడు చేయకుండా, ముగ్గురు మనుషులం మేలుకుని ఉండి ఇంతసేపూ ఈ ఇంట్లో పిన్ను పడితే వినబడేటంత నిశ్శబ్దంగా ఉన్నాం. చూసినవాళ్ళు పిచ్చాసుపత్రి అంటారు. నవ్వొచ్చింది, నవ్వుతూనే మంచం దిగి కిటికీ దగ్గరికి పరుగెత్తాను, పరదా ఓరగా తీసి చూశాను. ఆయన నా భుజం మీదుగా.

మలుపులో లైటు స్తంభం పక్కన నిలబడి ఉంది. నీలం చొక్కా. పెద్ద జడ కాదు గానీ జుట్టు ముడి వేసుకుంది. వ్యాను ఇంకా రాలేదు, మా బీరువా పిడి కన్నా ఆలస్యంగా ఉన్నాడు డ్రైవరు ఇవాళ. అది అటు చూసింది, ఇటు చూసింది, సంచీ ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చింది. తర్వాత మా ఇంటి వైపు తిరిగి నడవడం మొదలుపెట్టింది. ఏదో మరిచిపోయిందనుకున్నాను. కానీ మరిచిపోయినవాళ్ళు గబగబా నడుస్తారు. ఇది నెమ్మదిగా, తల వంచుకుని, మంచం దాకా తిరిగొచ్చే నడక నడుస్తోంది, ఆ నడక నాకు తెలుసు, బాత్రూం నుంచి గది దాకా నెలల తరబడి చూశాను. వ్యాను మలుపు తిరగడం కూడా అప్పుడే కనబడింది, అమ్మాయి వెనక నుంచి వస్తోంది. ఆయన చెయ్యి కిటికీ గడియ మీదికి వెళ్ళింది. "పిలుస్తాను, వ్యాను చూసుకోలేదు." నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. మూడో అంతస్తు నుంచి ఏమేవ్ అని ఒక్క పిలుపు, వీధి చివరి దాకా వినబడుతుంది నా గొంతు, అది నాలుక మీదికి వచ్చేసింది, పళ్ళ మధ్య పట్టి ఉంచాను. నా గోళ్ళు ఆయన చేతిలో దిగుతున్నాయి.

అది ఆగింది. మా గేటుకి ఇంకా రెండిళ్ళు అవతల. ఎందుకు ఆగిందో నాకు తెలియదు, ఎప్పటికీ అడగను. అలా నిలబడి ఉంది, ఎదురింటి మెట్ల మీద కుక్క ఒళ్ళు విరుచుకోవడం చూస్తున్నట్టుంది, లేక ఏమీ చూడటంలేదో. వ్యాను ఆగిన చప్పుడు, తలుపు జరిగిన చప్పుడు. అది వెనక్కి తిరిగింది. నడిచింది, రెండడుగులు. తర్వాత పరుగెత్తింది, సంచీ వీపు మీద ఎగురుతూ, బడికి ఆలస్యమైన పిల్లలా చేతులు ఊపుకుంటూ, ఆగండాగండి అన్నట్టు ఒక చెయ్యి పైకెత్తి. ఎవరి కోసమూ ఆగని డ్రైవరు ఆగాడు. లోపల్నుంచి ఎవరిదో చెయ్యి బయటికొచ్చి సంచీ అందుకుంది. ఎక్కేసింది.

ఆయన మణికట్టు వదిలాను. నాలుగు గోళ్ళ గుర్తులు పడ్డాయి, ఆయన వాటిని చూసుకుంటూ, బాగానే పట్టుకున్నావు అన్నారు.

"గుండీ తప్పు పెట్టుకుంది," అన్నాను.

"ఎక్కడ?"

"చొక్కాకి. ఇటు తిరిగినప్పుడు చూశాను, ఎడమవైపు అంచు వేలెడు కిందికి దిగి ఉంది. మొదటి గుండీ రెండో కాజాలో పెట్టి ఉంటుంది."

"అయ్యో. ఫోను చేసి చెప్పనా?"

వ్యాను మలుపు తిరిగి కనబడకుండా పోయింది. వీధి ఎప్పటిలాగే ఉంది, కుక్క మళ్ళీ పడుకుంది.

"వద్దులెండి," అన్నాను. "అక్కడ ఎవరో ఒకరు చెబుతారు."

ఆ మాట అన్నాక నాకు విపరీతంగా ఆకలేసింది.